సున్నా వేగం దగ్గర

మందు కూరిన రాకెట్లు కస్టమ్స్ దాటి రావు.
అందుకని మావి నీళ్ల రాకెట్లు.
రెండు లీటర్ల సోడా సీసా,
పాత ఫైళ్ల అట్టలతో రెక్కలు,
ముక్కుకి సగం కోసిన టెన్నిస్ బంతి,
ఎవరి తమ్ముడిదో సైకిల్ పంపు.

ఫహాహీల్. ఫిబ్రవరి. గురువారం ఆఖరి పీరియడ్.
పదకొండు-బి మొత్తం బోర్డు మీంచి దిగి
బడి వెనక ఇసక మైదానంలోకి వచ్చింది.
దూరంగా రిఫైనరీ మంట
పక్కకి ఒరిగి మండుతోంది.
ఒరిగిందని అప్పుడు నేను గమనించలేదు.

మొదట నిట్టనిలువుగా.
షిఫానా ఇరవై మీటర్ల అవతల నిలబడి
కోణమానినికి దారం, దారానికి ఓ నట్టు కట్టి
స్ట్రా గుండా ఆకాశాన్ని చూస్తోంది.
మిన్హాజ్ పంపు కొడుతున్నాడు, చొక్కా బయటికొచ్చేసింది.
సీసా బిర్రబిగిసింది. చెవులు మూసుకున్నాం.
ఒక్క ఉమ్ము!
మా అందరి మీదా చిమ్మి
పోయింది పైకి.

"యాభై డిగ్రీలు!"
ఇరవై ఇంటూ ట్యాన్ యాభై.
షిఫానా కంటి ఎత్తు కలపండి, అన్నాను.
కలపడం మరిచినవాళ్లు ముగ్గురు.
ఇరవై అయిదు మీటర్లు.

నిలువుగా ఎంత ఎత్తు పోతే
నలభై అయిదు డిగ్రీల్లో దానికి రెండింతల దూరం.
ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు కొంచెం గర్వం,
నేనే కనిపెట్టినట్టు.
నోటితో పారాబోలా అంటాను.
లోపల మాత్రం
సత్తెనపల్లి హైస్కూల్లో విన్న పరావలయమే,
వలయం అవబోయి
మనసు మార్చుకున్న గీత.

యాభై మీటర్ల దగ్గర సున్నంతో అడ్డగీత గీశారు.
గాలి నిరోధాన్ని ఉపేక్షించమంది పుస్తకం.
ఉపేక్షించాం.

గేటు మూసే వేళయిందని చెప్పడానికి
తాళాల గుత్తితో రాజలింగం వచ్చాడు.
గీతను చూశాడు. మంటను చూశాడు.
"అంత దూరం పోదు మేడం."
గీత నుంచి ఇవతలికి పది అడుగులేసి,
కొంచెం ఎడమకు జరిగి,
కుడికాలి చెప్పు విడిచాడు.
"గీడ పడ్తది."
పిల్లలు నవ్వారు.
నేనూ నవ్వాను, దాచడమెందుకు.

రాకెట్ ఏటవాలుగా లేచింది.
పైన ఎక్కడో
గాలి దాని భుజం పట్టుకుని పక్కకి తిప్పింది.
పడింది.
చెప్పుకి రెండు జానల దూరంలో.

"పన్నెండేండ్లు ఇటికెలు ఇసిరిన మేడం,
కింద నిలవడి పై అంతస్తోనికి.
జోరుగ ఇసిరితె వాని మొకం పలుగుతది,
మెల్లగ ఇసిరితె నా నెత్తి పలుగుతది.
వాని చెయ్యి కాడికి పొయ్యెటాల్లకు
ఇటికె ఆగాలె.
గప్పుడు దానికి బరువుండది.
పువ్వు తెంపుకున్నట్టు తెంపుకుంటడు."

శిఖరం దగ్గర నిలువు వేగం సున్నా.
ఏడేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను,
పరీక్షలో వస్తుందని కింద గీత కూడా గీస్తాను.
ఆ సున్నా దగ్గర
ఒక చెయ్యి చాచి ఉంటుందని తెలీదు.

"పైన పట్టుకునేదెవరు అంకుల్?" యుక్త అడిగింది.
"నేపాలోడు, ధన్‌బహదూర్.
ఆరేండ్లల్ల ఒక్క ఇటికె జారియ్యలే."
"ఇప్పుడెక్కడున్నాడు?"
తాళాల గుత్తిలో ఏదో తాళంచెవి వెతుక్కున్నాడు.
"ఏమో బిడ్డా. కంపెనీ మూతవడ్డది."

మిన్హాజ్ అప్పటికే టేపు పరిచాడు:
నలభై ఒకటి పాయింట్ మూడు.
తేడా ఎందుకొచ్చిందో రాసుకురండి, అన్నాను.
బస్సు హారన్ కొట్టింది.

ఆదివారం, నోటుబుక్కులు.
అందరూ గాలి అని రాశారు. సరే.
షిఫానా గ్రాఫులో మాత్రం
వంపు తిరిగిన గీత చివర, x అక్షం మీద,
చిన్న చెప్పు బొమ్మ.
ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను,
కొట్టేయాలో, మార్కు వేయాలో
ఇంకా తేలలేదు.